సైకిల్ లేన్ అడగాలంటే ముందు టేపు కొనండి

“సురక్షితమైన సైకిల్ లేన్లు కావాలి” అని రాసిన వినతిపత్రాన్ని ఏ ఆఫీసూ కాదనదు. స్టాంపు వేసి తీసుకుంటుంది, పరిశీలిస్తామంటుంది, అక్కడితో సరి. రోడ్ల డిజైన్ ఆఫీసులో చాలాకాలం డ్రాయింగులు గీసినవాణ్ణి, పనికి సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. అలాంటి కాగితం వచ్చిందంటే ఆశగా చదివేవాణ్ణి. చదివాక దానితో ఏం చెయ్యాలో నాకే తోచేది కాదు. ఏ రోడ్డు? ఎక్కణ్ణించి ఎక్కడిదాకా? వెడల్పు ఎంత? ఇవేవీ లేని కాగితానికి ఫైలు తెరవలేరు. ఫైలు లేనిదే ఎస్టిమేట్ లేదు, ఎస్టిమేట్ లేనిదే బడ్జెట్‌లో పేరు ఎక్కదు.

అందుకని ఒక్క రోడ్డు పట్టుకోండి. మహా అయితే రెండు కిలోమీటర్లు. స్కూలుకో, మార్కెట్‌కో, స్టేషన్‌కో జనం ఇప్పటికే భయపడుతూ సైకిళ్ల మీద పోతున్న రోడ్డు అయ్యుండాలి. ఖాళీగా, విశాలంగా ఉంది కదా అని ఊరి చివరి రోడ్డు అడక్కండి. అక్కడ లేన్ వేయడం తేలికే, కానీ దాని మీద ఎవరూ తిరగరు. ఆ ఖాళీ లేన్ ఫోటోనే రేపు మీ ముఖాన కొడతారు.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం ఒక్క ఊపులో మొత్తం నెట్‌వర్క్ వేసింది కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే. 2006 తర్వాత రెండేళ్లు తిరక్కుండానే ఒకదానికొకటి కలిసే లేన్లు సుమారు 80 కిలోమీటర్లు వేశారు, సైకిల్ ప్రయాణాలు కొన్ని రెట్లు పెరిగాయి. అక్కడ నగరపాలక మండలే ముందు మనసు కుదుర్చుకుంది. మీ దగ్గర ఆ పరిస్థితి ఉంటే ఈ వ్యాసంతో మీకు పనిలేదు. లేనప్పుడు, మ్యాపు మీద మొత్తం నెట్‌వర్క్‌ని పెన్సిల్‌తో గీసుకుని దగ్గర పెట్టుకోండి, అందులో ఒక్క గీతని మాత్రం అడగండి.

ఏ గీత అన్నది చాలావరకు తారు తేలుస్తుంది. రోడ్డు మీద కొత్త తారు పడ్డాక పాత గీతలు పోతాయి, ఎలాగూ కొత్తవి గీయాలి. ఆ గీతలు వేరే చోట గీయడానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ. తారు ఆరిపోయాక అడిగితే మాత్రం మళ్లీ కొన్నేళ్లు ఆగాల్సిందే. కాబట్టి ఈ ఏడాది, వచ్చే ఏడాది ఏయే రోడ్లకు తారు వేస్తున్నారో జాబితా సంపాదించండి. చాలా దేశాల్లో అది బడ్జెట్ కాగితాల్లోనే ఉంటుంది. లేకపోతే సమాచారం కోరుతూ దరఖాస్తు పెట్టొచ్చు. టెండరు పిలవకముందే వెళ్లాలి, పిలిచాక ఏ ఇంజినీరూ డ్రాయింగ్ మార్చడానికి ఇష్టపడడు. నేనైతే అసలు ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇక టేపు. యాభై మీటర్లది ఒకటి, చాక్‌పీసు, నోటుబుక్కు, తోడుగా ఇద్దరు మనుషులు. ట్రాఫిక్ పల్చగా ఉండే ఆదివారం తెల్లవారుజామున వెళ్లండి. రోడ్డు ఈ కర్బ్ (అంచు రాయి) నుంచి ఆ కర్బ్‌కి ఎంతుందో కొలవండి. ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా, రోడ్డు ఇరుకయ్యే ప్రతిచోటా కొలవాలి: వంతెన దగ్గర, బస్టాపు దగ్గర, జంక్షన్ ముందు. డ్రైనేజీ మూతలు ఎక్కడున్నాయో, వాటి చీలికలు సైకిల్ చక్రం పోయే దిశలోనే ఉన్నాయేమో కూడా రాసుకోండి. ఫైలు మొత్తాన్ని ఆపేవి ఇరుకు చోట్లే. వాటిని మీరే ముందు బయటపెట్టి పరిష్కారం చూపిస్తే ఇంజినీరుకు వేరే సాకు దొరకదు.

ఉదాహరణకు, రోడ్డు వెడల్పు 14 మీటర్లు అనుకుందాం. వాహనాలకు అటూ ఇటూ 3.2 చొప్పున 6.4 మీటర్లు. ఒకవైపు పార్కింగ్‌కి 2.2. రెండు వైపులా 2 మీటర్ల సైకిల్ లేన్, అంటే 4. ఆగి ఉన్న కారు డోరు తెరుచుకోవడానికి 0.9 ఖాళీ జాగా, రెండో వైపు బొలార్డులకు, అంటే కార్లు లేన్‌లోకి రాకుండా నిలబెట్టే పొట్టి స్తంభాలకు, 0.5. లెక్క సరిగ్గా 14కి వచ్చింది. వంతెన మీద 11.4 మీటర్లే ఉందనుకోండి, అక్కడ పార్కింగ్, డోరు జాగా తీసేసి ఆ వైపు కూడా బొలార్డులకు 0.5 ఇస్తే సరిపోతుంది. ఈ అడ్డకోత బొమ్మ స్కేలుతో గీసి ఉత్తరానికి జతచెయ్యండి. చెయ్యి తిరిగిన గీత కానక్కర్లేదు, అంకెలు కూడితే చాలు. రెండు మీటర్లు ఎందుకని అడుగుతారు. ఒక సైకిల్‌ని ఇంకొకటి లేన్ దాటకుండా ఓవర్‌టేక్ చెయ్యాలంటే ఆ మాత్రం ఉండాలని చెప్పండి.

సైకిళ్లు లెక్కపెట్టడం కూడా తప్పదు, అయితే మొత్తం ఎన్ని అన్నది ఒక్కటే సరిపోదు. ఉదయం రద్దీ వేళ రెండు గంటలు కూర్చుని, ఫుట్‌పాత్ మీద నడుపుతున్నవాళ్లు, రాంగ్ సైడులో ఎదురుగా వస్తున్నవాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు ఎంతమందో విడివిడిగా గీతలు పెట్టండి. ఫుట్‌పాత్ ఎక్కినవాళ్లు ఎక్కువున్నారంటే రోడ్డు వాళ్లని భయపెడుతోందని అర్థం. న్యూయార్క్‌లో ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ వీధిలో 2010లో లేన్ వేసినప్పుడు నగర రవాణా శాఖ ఈ లెక్కే బయటపెట్టింది. అంతకుముందు అక్కడి సైకిల్‌వాళ్లలో 46 శాతం మంది ఫుట్‌పాత్ మీద నడిపేవారు, తర్వాత అది 3 శాతానికి దిగింది. వేగపరిమితి దాటే కార్ల వాటా కూడా బాగా తగ్గింది. లేన్ తీసేయాలని కొందరు 2011లో వేసిన కేసుని 2016లో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. ముందూ వెనకా లెక్కలు చేతిలో ఉండటం అలాంటప్పుడే పనికొస్తుంది.

ఇప్పుడు ఉత్తరం. ఒక పేజీ దాటొద్దు. మొదటి వాక్యంలోనే రోడ్డు పేరు, హద్దులు, పొడవు, ఏం కావాలో ఉండాలి. రెండో పేరాలో లెక్కలు, మూడోదాంట్లో ఏ తేదీలోగా జవాబు కోరుతున్నారో. వాతావరణం, ఆరోగ్యం, పెట్రోలు ఆదా అని ఉపన్యాసం వద్దు. చదివేవాళ్లకి అవన్నీ తెలుసు. ఇంజినీరుకి, నగరపాలక మండలికి ఎన్నికైన సభ్యుడికి ఒకే ఉత్తరం ఇవ్వొచ్చు గానీ అడిగేది వేరుగా ఉండాలి. ఇంజినీరుని “ఇది సాధ్యమేనా, కాకపోతే ఏ కొలత అడ్డం?” అని అడగండి. సభ్యుణ్ణి “ఈ పని బడ్జెట్‌లో చేర్చమని మీరు రాతపూర్వకంగా కోరతారా?” అని అడగండి.

సభ్యుడి దగ్గరకి ఎవరు వెళ్తున్నారన్నది చాలా ముఖ్యం. హెల్మెట్లు, బిగుతు జెర్సీలు వేసుకున్న పదిమంది వెళ్తే అది క్లబ్బువాళ్ల సరదాలా కనిపిస్తుంది. స్కూలు పిల్లల తల్లులు, పేపర్ వేసే కుర్రాడు, డ్యూటీకి సైకిల్ మీద పోయే వాచ్‌మన్, వీళ్లతో వెళ్లండి. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు రాసిన వ్యాసంతో “పిల్లల హత్య ఆపండి” అన్న ఉద్యమం మొదలైంది. రోడ్ల మీదికొచ్చింది తల్లిదండ్రులు, పిల్లలు. అక్కడి సైకిల్ దారుల వెనక ఆ ఒత్తిడికి పెద్ద చెయ్యే ఉంది.

వ్యతిరేకత దుకాణాల నుంచి మొదలవుతుంది. పార్కింగ్ పోతే బేరాలు పోతాయని వాళ్ల టెన్షన్, అందులో తప్పేం లేదు. లేన్ గురించి సభ పెట్టేదాకా ఆగకుండా ముందే ఒక్కో షాపుకీ వెళ్లి కూర్చోండి. సరుకు దించే బండి ఎప్పుడొస్తుంది, ఎక్కడ ఆగుతుంది అని అడిగి బొమ్మలో ఆ జాగా చూపించండి. నా అనుభవంలో సగం గొడవ అక్కడే చల్లబడుతుంది. కార్లలో వచ్చే కొనుగోలుదారులెంతమందని యజమానుల్ని అడిగి చూడండి, తర్వాత తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. యజమానులు ఎక్కువ చెబుతారని చాలా నగరాల సర్వేల్లో తేలింది.

“పర్మనెంటుగా వద్దు” అంటే ట్రయల్ అడగండి, మూడు నెలలు బొలార్డులతో, ముందూ వెనకా లెక్కలతో. 2013లో సియాటిల్‌లో కొందరు పేరు చెప్పకుండా చెర్రీ వీధి లేన్‌కి సొంత డబ్బుతో ప్లాస్టిక్ బొలార్డులు అంటించి, వాటిని తేలిగ్గా ఊడదీయొచ్చని నగర ఇంజినీరుకి మర్యాదగా ఉత్తరం రాశారు. నగరం వాటిని తీసేసింది, తర్వాత తనే శాశ్వతమైనవి పెట్టింది. కథ బాగుంది గానీ రోడ్డు మీద సొంతంగా ఏదైనా పెట్టడం చట్టవిరుద్ధం కావొచ్చు, నేను సలహా ఇవ్వను.

పని మంజూరైతే డ్రాయింగ్ కాపీ అడిగి జంక్షన్ల దగ్గర చూడండి. కాగితం మీద అందంగా వచ్చిన లేన్, తిరిగే లారీకి సైకిల్ కనపడాల్సిన చోటే చుక్కల గీతగా మారి మాయమవుతుంది. ఇంకొకటి, ఊడ్చే బాధ్యత ఎవరిదో రాతలో తీసుకోండి. బొలార్డుల వెనక గాజుపెంకులు, మట్టి పేరుకుంటాయి, అప్పుడు సైకిళ్లు మళ్లీ కార్ల మధ్యకే వస్తాయి. ఊడ్చే యంత్రం వెడల్పెంతో టెండరుకి ముందే కనుక్కోండి. అది లేన్‌లో పట్టకపోతే చిన్న యంత్రమో, మనిషో, ఏదో ఒకటి ఎస్టిమేట్‌లోనే చేర్పించండి.