జలుబు దాచుకుని గొరిల్లాల కొండ ఎక్కకండి

ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటున్నందువల్ల, మన వైపు నుంచి వచ్చే బంధుమిత్రులను కొండ గొరిల్లాలు చూపించడానికి బ్విండీ అడవికి తీసుకెళ్లడం నాకు అలవాటు. గత ఫిబ్రవరిలో మాతో వచ్చిన ఒక పెద్దమనిషి, లాడ్జిలో ఉదయం ఫలహారం చేస్తూ రెండు పారాసిటమాల్ మాత్రలు వేసుకున్నారు. "ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. అక్కడ జ్వరం చూస్తారట కదా" అన్నారు. వద్దన్నాను, వినలేదు. పరీక్షలో గట్టెక్కారు కూడా. మూడు గంటలు కొండ ఎక్కి, ఇక గొరిల్లాల గుంపు దగ్గర పడిందనగా ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మమ్మల్ని నడిపిస్తున్న అటవీ రక్షకుడు, అంటే రేంజర్, ఆయనను అక్కడే ఆపి, సామాను మోసే పోర్టర్‌ను తోడిచ్చి వెనక్కి పంపేశారు. ఒంటరిగా పంపలేక భార్య కూడా దిగిపోయారు. గొరిల్లాలను చూడడానికి కొన్న ఇద్దరి పర్మిట్లూ పోయాయి.

ఆ దగ్గు పది నిమిషాలు ఆలస్యంగా, గొరిల్లా పిల్లల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువగా ఉండే కాలం, మళ్లీ చాలామంది బయలుదేరుతున్నారు. బూట్లు, వానకోటు, టార్చి లైటు వంటివి మీ ట్రావెల్ ఏజెంటు ఎలాగూ చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది.

జలుబు సంగతి

జలుబు దాచకండి. 2009లో పొరుగు దేశం రువాండాలోని హిర్వా అనే గుంపులో 12 గొరిల్లాలుంటే 11 జబ్బుపడ్డాయి. ఒక ఆడ గొరిల్లా, ఒక పసిపిల్ల చనిపోయాయి. ఆ రెండింటిలోనూ దొరికింది మనకు మామూలు జలుబు, దగ్గు తెప్పించే మెటాన్యుమోవైరస్. మనకు నాలుగు రోజులు ముక్కు కారి పోయే జబ్బును తట్టుకునే శక్తి వాటి ఒంట్లో లేదు. 1996లో బ్విండీలో గజ్జి సోకి ఒక పిల్ల చనిపోయింది. 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద కొండ గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన. ఆడ గొరిల్లా సుమారు నాలుగేళ్లకు ఒక పిల్లను కంటుంది. ఒక్క పిల్ల పోయినా ఆ గుంపుకు ఏళ్ల నష్టం.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. ఒక్క గంట చూడడానికి ఉగాండాలో మనిషికి 800 డాలర్లు, రువాండాలో 1,500 డాలర్లు. మన లెక్కలో రువాండా పర్మిట్ ఒక్కటే లక్షా పాతిక వేల పైమాట. లాడ్జి ఖర్చు దీనికి అదనం. అంత పోసి వచ్చాక ముక్కు దిబ్బడకు వెనక్కి తిరగాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అందుకే ఆ పరిస్థితి రాకుండా ముందే చూసుకోవాలి. విమానంలో మొదటి నుంచి చివరి దాకా మాస్కు పెట్టుకోండి. దిగిన మర్నాడే ట్రెక్ పెట్టుకోకండి. మధ్యలో రెండు రోజులు ఉంచండి, తర్వాత ఒక రోజు ఖాళీగా ఉంచండి. అనారోగ్యం వస్తే తేదీ మారుస్తారా, డబ్బులో ఎంత తిరిగి ఇస్తారు అన్నది పర్మిట్ కొనేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఒంట్లో తేడా తెలిసిన వెంటనే లాడ్జి మేనేజరుకు చెబితే మాట్లాడే దారి ఉంటుంది. కొండ మీద పట్టుబడ్డాక ఉండదు.

పిల్లల విషయం చాలామందికి తట్టదు. 15 ఏళ్ల లోపు వారిని ట్రెక్‌కు రానివ్వరు, లాడ్జిలోనే ఉంటారు. కానీ వాళ్ల జలుబు ఒక్క రాత్రి పక్కలో పడుకున్న తల్లిదండ్రులతో కొండెక్కుతుంది. బిడ్డ ముక్కు కారుతుంటే అది కూడా చెప్పండి.

లాడ్జిలో

లాడ్జిని ఫొటోలు చూసి ఖాయం చేయకండి. బ్విండీలో బుహోమా, రుహీజా, రుషాగా, న్కురింగో అని నాలుగు వైపుల నుంచి అడవిలోకి వెళ్తారు. పర్మిట్ ఏ వైపుకు ఉందో ఆ వైపే వెళ్లాలి. రుషాగా పర్మిట్ పెట్టుకుని బుహోమాలో దిగితే మధ్య ఘాట్ రోడ్డు గంటల తరబడి. తెల్లవారి సూచనలు చెప్పే వేళకు చేరలేరు.

గదిలో కట్టెల పొయ్యి వెలిగిస్తారు, హాయిగా ఉంటుంది. పడుకునే ముందు ఆర్పించి, కిటికీ కాస్త తెరవండి. ఆ పొగకు గొంతు పట్టేసి, పొద్దున్నే దగ్గుతూ లేచిన వాళ్లను చూశాను.

బుహోమా వైపు ఒక్కోసారి గొరిల్లాలే లాడ్జి తోటలోకి వస్తాయి. అప్పుడు ఫోను పట్టుకుని పరుగెత్తుతారు. రేంజర్ ఉండడు, ముఖాన మాస్కు ఉండదు. అసలు ప్రమాదం అక్కడే. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి, సిబ్బందిని పిలవండి.

మిగిలినవి

ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, నెల ముందైతే ఇంకా మేలు. టీకా తర్వాత కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. పత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

పచ్చళ్లు, పొడులు ప్లాస్టిక్ కవర్లలో కట్టుకుని రువాండాకు రాకండి. 2008 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉంది.

మన వేసవి సెలవుల్లో, ఏప్రిల్, మే నెలల్లో, అక్కడ భారీ వానలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆ బురదలో ఎక్కించకండి.

పోర్టర్‌ను పెట్టుకోండి. బేరమాడకండి.

ప్యాంటును మేజోళ్లలోకి దోపండి, చీమలు ఎక్కుతాయి. చేతికి తొడుగులు వేసుకోండి, దురదగొండి లాంటి ఆకులు ప్రతి మలుపులోనూ ఉంటాయి.

పది మీటర్ల దూరం. గొరిల్లా మీ వైపు వస్తే మీరే వెనక్కి జరగండి.

పెద్ద మగ గొరిల్లా మీదికి దూకబోతే పరుగెత్తకండి. కూర్చోండి. తల దించండి.

ఫ్లాష్ వద్దు.

వాటి దగ్గర తినకండి. ఉమ్మకండి. మలవిసర్జన తప్పనిసరైతే రేంజర్‌కు చెప్పండి, గొయ్యి తవ్వి పూడుస్తారు.

మాస్కు తీసి సెల్ఫీ దిగకండి. ఒక్క క్షణం కూడా.

దగ్గు వస్తే వెనక్కి తిరిగి, మోచేతిలో దగ్గండి. ఆ తర్వాత రేంజర్‌కు చెప్పండి.

జ్వరం మాత్ర వేసుకుని పరీక్ష గట్టెక్కకండి. పక్కవాడు వేసుకుంటుంటే ఊరుకోకండి. ఆ ఫిబ్రవరి పొద్దున నేను ఒక్కసారి వద్దని చెప్పి ఊరుకున్నాను. రేంజర్‌కు చెప్పి ఉండవలసింది.