కోబాల్ట్ బ్లూ టరాంటులా బొరియ తవ్వకపోతే: నా అనుభవం

మయన్మార్, థాయ్‌లాండ్ అడవుల్లో లోతైన బొరియ తవ్వుకుని బతికే సాలీడు ఇది. నేను పెంచుతున్నది మాత్రం పెట్టెలో పైపైనే తిరుగుతూ, మూత తీస్తే చాలు ముందుకాళ్లు ఎత్తి కోరలు చూపిస్తోంది. చోటు మార్చినా, లైటు తీసేసినా, రోజూ నీళ్లు చిలకరించినా లాభం లేకపోయింది.

పనిచేసింది మట్టి మార్చడం. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక్కటే వేస్తే ఆరగానే సొరంగం కూలిపోతుంది. ఆరు పాళ్ల కోకోపీట్‌కి నాలుగు పాళ్లు తోటమట్టి కలిపాను. ఆ మట్టికి ఎరువు గానీ పురుగుమందు గానీ తగిలి ఉండకూడదు. పిడికిట పిండితే ముద్ద కట్టాలి, చుక్క నీరు కారకూడదు. రెండేసి అంగుళాలు పోసి, ప్రతి పొరనీ గట్టిగా అదిమి 10 అంగుళాలకి తెచ్చాను. మట్టికీ మూతకీ మధ్య, కాళ్లు చాచిన సాలీడు పొడవుకి ఒకటిన్నర రెట్లు మించి ఖాళీ వద్దు. పైనుంచి పడితే పొట్ట పగిలే ప్రమాదం. చీపురుకర్రని అద్దం వారన ఏటవాలుగా 5 అంగుళాలు దింపి, తిప్పుతూ బయటికి లాగాను. ఆ కంతపై కార్క్ బెరడు వాల్చాను. మూలన గుచ్చిన గొట్టంలోంచే నీళ్లు పోస్తే అడుగు తడిగా, పైన పొడిగా ఉంటుంది.

సాలీడున్న డబ్బా మూతిని కంతకి ఎదురుగా ఆనించి, వెనకనుంచి పొడవాటి బ్రష్‌తో తాకాలి. చెయ్యి పోనివ్వొద్దు. ఈ జాతికి ఆత్మరక్షణకి దురద పుట్టించే నూగు లేదు, నేరుగా కరుస్తుంది.

నీళ్లగిన్నెలో మట్టి పడిందంటే తవ్వకం మొదలైనట్టే. బొరియ మూతిని పట్టుతో మూసేస్తే కుబుసం విడవబోతోందేమో, కదపకండి. ఇదంతా ఒక్క ఆడ సాలీడు మీద చూసింది. ఎదిగిన మగవి జతకోసం ఎలాగూ తిరుగుతాయి, వాటికి ఇది పనిచేయకపోవచ్చు.