కొత్త బాల్ పైథాన్ తిండి ముట్టట్లేదా? ఎలుకని మార్చే ముందు రాత్రి టెంపరేచర్ చూడండి

విజయనగరం, రాజాం, బొబ్బిలి, శ్రీకాకుళం, ఎటు నుంచి ఫోనొచ్చినా మాట ఒక్కటే, "అన్నా, పాము తెచ్చి మూడు వారాలైంది, ఏటీ తినట్లేదు, చచ్చిపోద్దా?" చచ్చిపోదు. ఒంట్లో కండ ఉన్న పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోయినా ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో గానా, టోగో, బెనిన్ వైపు పుట్టిన చిన్న కొండచిలువ జాతి ఇది, అక్కడ కూడా ఏడాది పొడుగునా తిండి దొరకదు. పిల్ల పాముకి అంత నిల్వ ఉండదు కాబట్టి దాన్ని కాస్త ఎక్కువ గమనించాలి, అయినా మూడు వారాలకే కంగారుపడి నోరు తెరిచి ఎలుకని కుక్కే పని మాత్రం దయచేసి చేయకండి, ఆ బెదురుకి తర్వాత తినేది కూడా మానీస్తుంది.

నేను చెప్పేదంతా బాల్ పైథాన్ గురించే. మన ఊళ్లలో దొరికే జెర్రిపోతు, కొండచిలువ, నాగు, ఇవేవీ ఇంట్లో పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్‌ని కూడా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, 2024లో రూల్స్ వచ్చాయి, తెచ్చుకున్న 30 రోజుల్లోపు చేయించేయండి.

ముందు అందరూ దాటేసేది ఒకటుంది. పామును తెచ్చిన రోజు నుంచి ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారు? ఈ ప్రశ్న అడిగితే చాలామంది కాసేపు మాట్లాడరు. ఫ్రెండ్స్ వచ్చారని, పిల్లలు చూస్తామన్నారని, ఫొటో కోసమని రోజూ తీస్తూనే ఉంటారు. పెట్టెలో గంటల కొద్దీ ప్రయాణం చేసి వచ్చిన ప్రాణి అది, కొత్త వాసన, కొత్త చోటు. కనీసం ఏడు రోజులు నీళ్లు మార్చడం తప్ప తొట్టెలో చెయ్యి పెట్టకండి, ఆ తర్వాతే మొదటి ఎలుక. దాక్కోవడానికి రెండు గూళ్లు ఉండాలి, వేడి వైపు, అంటే కింద హీట్ మ్యాట్ ఉన్న వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి, అవి కూడా ఇరుగ్గా ఉండాలి, పాము చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకి ఆనాలి. పెద్ద అందమైన గుహ బొమ్మ కొని పెడతారు, అందులో దానికి భద్రంగా అనిపించదు. మట్టి చట్టి అంచు కాస్త కొట్టి బోర్లించినా చాలు.

కళ్లు నీలంగా మసకబారాయా? అయితే కుబుసం విడవబోతోంది. అది విడిచేదాకా చాలా పాములు తినవు, ఎలుక చూపించి విసిగించొద్దు, అంతే.

ఇక అసలు విషయం. నేను దెబ్బ తిన్నది, నాకు ఫోన్ చేసినవాళ్లలో సగం మంది దెబ్బ తిన్నది ఇక్కడే. పాము గూట్లోంచి బయటికి రాదు, రాత్రి ఎలుక చూపిస్తే నాలుక నాలుగుసార్లు ఆడించి తల వెనక్కి తీసుకుంటుంది. కుబుసం లేదు, చేత్తో ముట్టుకోవట్లేదు, మీటర్ చూస్తే 31 డిగ్రీలు. అన్నీ బాగున్నట్టే ఉంటుంది.

నా మొదటి పాము ఏప్రిల్, మే రెండు నెలలూ ఇలాగే ఉంది. బయట 40 డిగ్రీల ఎండ, రోడ్డు మీద కాలు పెట్టలేం, అలాంటప్పుడు పాముకి చలేస్తోందని ఎవరికైనా తడుతుందా? నాకు తట్టలేదు. చిట్టెలుక మార్చాను, రంగు మార్చాను, సైజు మార్చాను, ఎలుకల వాసన పట్టిన పొట్టు తెచ్చి రుద్దాను. ఏదీ పనిచేయలేదు. మే ఆఖర్లో పెళ్లికని అందరం ఐదు రోజులు ఊరెళ్లి వచ్చాం, వచ్చిన సాయంత్రం ఏడింటికే ఎలుక చూపిస్తే ఒక్క దెబ్బలో పట్టేసింది. పొట్టు వాసన వల్లే అనుకున్నాను, నలుగురికి అదే చెప్పాను కూడా, అది తప్పు. తర్వాతి వారం అదే పొట్టు, అదే ఎలుక, తినలేదు.

అప్పుడు మినిమం, మ్యాక్సిమం గుర్తుపెట్టుకునే మీటర్ ఒకటి కొని చల్ల వైపు పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే మినిమం 21.6. తొట్టె ఉన్నది మా బెడ్‌రూమ్‌లో. రాత్రి తొమ్మిదిన్నరకి తలుపేసి ఏసీ 22లో పెడతాం, తెల్లారి ఐదింటికి కట్టేస్తాం. నేను మీటర్ చూసేది పగలు ఆఫీసుకి వెళ్లే ముందు, వచ్చాక. పాము మేలుకుని వేటకి చూసేది రాత్రి. నేను ఎలుక పెట్టేది కూడా భోజనాలయ్యాక పదింటికి, అంటే గది చల్లబడిపోయాక. ఊరెళ్లిన ఐదు రోజులూ ఏసీ లేదు, అందుకే ఆ సాయంత్రం తినింది.

"కింద హీట్ మ్యాట్ ఉంది కదా, థర్మోస్టాట్ 32 చూపిస్తోంది కదా" అంటారు, నేనూ అదే అనుకున్నాను. ఆ 32 ఎక్కడిది? థర్మోస్టాట్ అంటే వేడి పెట్టిన అంకె దాటకుండా మ్యాట్‌ని ఆపే పెట్టె, దాని వైరు కొస మ్యాట్‌కి అంటించి ఉంటే అది చూపించేది మ్యాట్ వేడిని. మధ్యలో అద్దం, దాని మీద రెండంగుళాల కోకోపీట్ (కొబ్బరి పొట్టు), దాని మీద పాము. పైన కొలిస్తే నాకు 26 వచ్చింది. పైగా మ్యాట్ నేలని వేడి చేస్తుంది గానీ తొట్టెలో గాలిని పెద్దగా వేడి చేయదు, గదిలో గాలి 22 అయితే తొట్టెలోనూ గాలి అటే వెళ్తుంది. పాముకి సొంతంగా ఒంట్లో వేడి పుట్టదు, తిన్నది అరగాలంటే ఆ వేడి బయటి నుంచే రావాలి, అరగదని తెలిసినప్పుడు అది తినకపోవడమే దానికి మంచిది. ఏసీ గాలిని ఎండగడుతుంది కూడా, తేమ 55 నుంచి 70 శాతం ఉండాల్సింది బాగా పడిపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, అలా ఊడితే అది కూడా ఒక గుర్తే.

ఏం చేయాలంటే, అన్నిటికంటే సులువు తొట్టెని ఏసీ లేని గదిలోకి మార్చడం. హాల్లో జనం తిరగని మూల, దేవుడి గది పక్క సందు, ఎక్కడైనా సరే, ఎండ మాత్రం నేరుగా పడకూడదు. వేరే గది లేదంటే ఏసీ 27కి పెంచి, గాలి తొట్టె మీద పడకుండా తిప్పి, మూడు వైపులా థర్మోకోల్ అంటించి, పైన జాలీ సగానికి పైగా మూసేయండి, అప్పటికీ చాలకపోతే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీట్ బల్బు థర్మోస్టాట్‌తో కలిపి పెట్టాలి, పాముకి తగలకుండా బయట. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ గానీ బల్బు గానీ పెట్టకండి, పొట్ట కాలినా పాము దాని మీంచి లేవదు, నేను కళ్లారా చూశాను. మీటర్ వైరు కొసని పాము పడుకునే చోట కోకోపీట్ పైన పెట్టి చూడండి: వేడి వైపు 31 నుంచి 33, చల్ల వైపు 25 నుంచి 27, తెల్లవారుజామున కూడా 24 కిందికి పోకూడదు. రెండు మూడు రాత్రుల మినిమం చూశాకే నాకు ఫోన్ చేయండి.

శ్రీకాకుళం కుర్రాడొకడు మా ఇంట్లో ఏసీయే లేదన్నా అన్నాడు. వీడియో కాల్‌లో చూస్తే తొట్టె మార్బుల్ గట్టు మీద ఉంది, ఎదురుగా కూలర్. గట్టు కింద నుంచి వేడి లాగేస్తోంది, కూలర్ పైనుంచి. కింద థర్మోకోల్ షీటు వేయించి, కూలర్ పక్కకి తిప్పించాం, రెండో వారానికి తినింది. చలికాలంలో మనకి చలెక్కువున్న రాత్రి 17, 18కి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది, అప్పుడు కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి తొట్టెలో ఓ పక్కన పెట్టండి. తుపానొచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే ఎలుక పెట్టడమే మానేయండి, తిన్నాక చలి తగిలితే కక్కేస్తుంది. కక్కితే కనీసం పది, పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా ఆగి, తర్వాత ముందు దానికంటే చిన్న ఎలుక పెట్టాలి.

ఉల్టాగా, మే నెలలో మూసిన గదిలో తొట్టె 35 దాటినా తినదు, నీళ్ల గిన్నెలో పడుకునే ఉంటుంది. నీళ్లలో పడుకోవడానికి ఇంకో కారణం పొలుసుల సందుల్లో నల్ల చుక్కల్లా కదిలే పురుగులు, అవి కనిపిస్తే పురుగు సంగతి ముందు చూడాలి.

వేడి సరిగ్గా ఉండి కూడా తినకపోతే అప్పుడు ఎలుక గురించి ఆలోచించండి. ముందు పెంచినవాళ్లు ఏం పెట్టారో కొనేటప్పుడే అడగాలి. బతికున్న చిట్టెలుక అలవాటైన పాముకి మీరు ఫ్రీజర్‌లోంచి తీసిన తెల్ల ఎలుక పెడితే అది తిండే అని గుర్తుపట్టకపోవచ్చు. ఫ్రోజెన్‌ది రాత్రి ఫ్రిజ్‌లో కింద పెట్టి కరగనిచ్చి, పెట్టే ముందు కవర్‌లో వేసి చెయ్యి పెట్టగలిగే వేడినీళ్లలో ఉంచండి, మైక్రోవేవ్ వద్దు. ఈ పాముకి పెదాల దగ్గర వేడిని పసిగట్టే గుంటలుంటాయి, ఎలుక తల వెచ్చగా ఉండాలి. ఎలుక లావు, పాము నడుము అంత ఉంటే చాలు. పొడుగు పట్టకారుతో తోక దగ్గర పట్టుకుని గూటి ముందు మెల్లగా కదపండి, దాని మొహం మీదకి తొయ్యకండి. పది, పదిహేను నిమిషాల్లో పట్టకపోతే తీసేసి వారం ఆగండి, రోజూ చూపిస్తే భయం పెరుగుతుంది. బతికున్న ఎలుకని వదిలీసి పడుకోవద్దు, అది పామును కొరికేస్తుంది.

ఇంట్లో బోనులో పడిన ఎలుక, పొలం ఎలుక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వరి పొలాల్లో జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ లాంటి విషపు ఎరలు పెడతారు, ఎలుక ఎక్కడ ఏం తిని వచ్చిందో మనకి తెలియదు, పాముకి అదే ఆఖరి తిండి కావచ్చు. నాగుల చవితికి మామ్మలు గిన్నెలో పాలు పోస్తామంటారు, భక్తితోనే అంటారు, దండం పెట్టుకోనివ్వండి, పాలు మాత్రం పొయ్యనివ్వకండి, పాముకి పాలు అరగవు.

పెద్ద పాము చలికాలం మొదలయ్యాక తినడం మానేస్తే, బరువు పడిపోకుండా ఉంటే వదిలేయండి, కొన్ని అలాగే ఉంటాయి. అందుకే వంటింటి డిజిటల్ కాటా ఒకటి పెట్టుకుని పది రోజులకోసారి డబ్బాలో పెట్టి తూచి రాసుకోండి. పదో వంతు కంటే ఎక్కువ తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లో బుడగలు గానీ చీము గానీ కనిపించినా ఇంట్లో ప్రయోగాలొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, పాముల్ని చూస్తారో లేదో ముందు కనుక్కుని వెళ్లండి.

మొదటి ఎలుక పట్టిన రోజు ఆనందంతో తీసి చూపించకండి. గది లైటు ఆర్పేసి బయటికొచ్చేయండి, 48 గంటలు చెయ్యి పెట్టొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఆ టైముకి చల్ల వైపు ఎంత ఉందో తేదీతో సహా రాసిపెట్టుకుని, వారం తర్వాత మళ్లీ అదే టైముకి పెట్టండి.