పిల్లలకు పెద్ద ఇంగ్లీషు పదాలు పట్టుబడాలంటే ఎలా చేయాలి?

రోజుకు పది పదాలు బోర్డు మీద రాసి, పక్కన తెలుగు అర్థాలు పెట్టి, శనివారం డిక్టేషన్ నడిపే పద్ధతి ఇంకా చాలా బడుల్లో సాగుతోంది. సోమవారానికి పిల్లల దగ్గర మిగిలేది స్పెల్లింగు మాత్రమే. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఎవరికైనా పనికొచ్చే పద్ధతి చెబుతాను.

కావలసినవి: రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు, మంచి నిఘంటువు. రంగు పెన్నులు, స్టిక్కర్లు వద్దు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కాకుండా ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనండి, పాతదైనా ఫర్వాలేదు. దీని తొలి రూపాన్ని ఎ.ఎస్. హార్న్‌బీ బృందం జపాన్‌లో తయారుచేసింది, 1942లో టోక్యోలోనే వెలువడింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి ఇబ్బందులు ఎరిగి రాసిన పుస్తకం కాబట్టి, అర్థంతో ఆగకుండా వాడుక కూడా చూపిస్తుంది.

మొదట పదాలు ఏరాలి. పాఠ్యపుస్తకం, సైన్సు పుస్తకం, పత్రికలో సంపాదకీయం చాలు. ఒక పదం రెండోసారి ఎదురైతేనే నోటుబుక్కులోకి ఎక్కాలి. రోజుకు మూడు మించకూడదు. ఎవరూ వాడని వింత పదాలు వల్లించి బంధువుల ముందు మెప్పు పొందడం వేరే విద్య. ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువుల భాషకు అవసరమైన 570 పదకుటుంబాల (ఒకే మూలపదం నుంచి వచ్చిన మాటల గుంపుల) జాబితా ప్రచురించారు. అందులో ‘ఎనలైజ్’, ‘ఎవిడెన్స్’ వంటివే ఉంటాయి. హైస్కూలు పిల్లలకు కావలసినవి అవే.

ఇక అసలు చిక్కు, సొంత వాక్యం రాయడం. అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే.

‘రిలక్టెంట్’ తీసుకోండి. గైడులో ‘అయిష్టమైన’ అని ఉంటుంది. లెక్కలంటే పడని పిల్లవాడు వెంటనే ‘ఐ యామ్ రిలక్టెంట్ ఆఫ్ మ్యాథ్స్’ అని రాస్తాడు. వాడిని తిట్టి లాభం లేదు, ఆ అర్థం ఇచ్చింది మనమే. నిఘంటువు తెరిస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఈ పదం వెనుక సాధారణంగా ‘టు’, దాని తర్వాత క్రియ వస్తాయి. పైగా ఇది ఒక వస్తువు నచ్చకపోవడం కాదు, ఒక పని చేయడానికి మనసొప్పక వెనకాడటం. ‘రవి వాజ్ రిలక్టెంట్ టు లెండ్ హిజ్ సైకిల్’ అంటే సరిపోతుంది.

కాబట్టి ముందు నిఘంటువులోని ఉదాహరణను యథాతథంగా రాయించండి. పదానికి తోడుగా వచ్చే మాటల కింద గీత గీయించండి. తెలుగులో కుండపోత వాన అంటాం, కుండపోత గాలి అనం. ఇంగ్లీషులోనూ వానకు ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’. ఈ జతలు అర్థాన్ని బట్టి ఊహిస్తే దొరకవు, చూసి పట్టుకోవలసిందే. తర్వాత పుస్తకం మూయించి, తన ఇంటి గురించో స్నేహితుల గురించో ఒక వాక్యం రాయమనండి.

ఆ వాక్యంలో కొత్త పదాన్ని వేలితో మూసి చూడండి. ‘షీ ఈజ్ రిలక్టెంట్’ అని రాస్తే ఆ ఖాళీలో ‘టాల్’ పెట్టినా, ‘హ్యాపీ’ పెట్టినా నప్పుతుంది. అంటే పదం పని చేయలేదు, మళ్లీ రాయించాలి. అమ్మానాన్నలు జాలిపడి వాక్యం చెప్పకూడదు. ఫోను చేత రాయించడం అంతకంటే దండగ. తప్పు వస్తే కొట్టివేయకుండా, నిఘంటువులో అదే పుట మళ్లీ చూడమనండి. మర్నాడు కర్తనూ కాలాన్నీ మార్చి ఇంకో వాక్యం రాయించాలి.

పునశ్చరణ తేలిక. చదివింది ఎంత వేగంగా చెరిగిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపారు. పదాలను చీటీల మీద రాసి మూడు కవర్లలో వేయండి. మొదటి కవరు రోజూ, రెండోది వారానికి రెండుసార్లు, మూడోది ఆదివారం తీయాలి. వాక్యం చెప్పగలిగితే చీటీ తర్వాతి కవరుకు వెళుతుంది, లేకపోతే మొదటి దానికి తిరిగొస్తుంది.

పదాలకు మూలమైన ధాతువులు నేర్పడం తొమ్మిదో తరగతికి ముందు వద్దు. ఉపసర్గ మారితే ప్రహారం, విహారం, సంహారం అవుతుందని తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. ‘స్పెక్ట్’ కూడా ‘ఇన్‌స్పెక్ట్’, ‘ప్రాస్పెక్ట్’, ‘రెస్పెక్ట్’ అవుతుంది. అయితే ‘చూడటం’ అన్న మూలార్థంతో ‘రెస్పెక్ట్’కు ‘గౌరవం’ ఊహించడం కష్టం, అందుకే ఊహించాక నిఘంటువు చూడటం తప్పనిసరి.

శనివారం పరీక్ష మానలేకపోతే అర్థాలు అడగకండి. పదం ఇచ్చి వాక్యం రాయమనండి, స్పెల్లింగుకు మార్కులు కోయకండి.