నాలుగు గొంతులతో డూ-వాప్ పాట కట్టడం ఎలా: బెన్ ఈ కింగ్ చూపిన దారి

విశాఖ జ్ఞానాపురంలో మా కుర్రాళ్లకి పాట నేర్పుతుంటాను. కొత్తగా వచ్చిన ప్రతి జట్టూ ముందు అడిగేది "లీడ్ ఎవరన్నా?" అనే, అంటే ముందు నిలబడి పాడేదెవరని. ఆ మాట కొన్నాళ్లు ఎత్తొద్దంటాను. డూ-వాప్‌లో, అంటే నలుగురైదుగురు వాయిద్యాల్లేకుండా నోటితోనే కట్టే పాటలో, ముందు కట్టాల్సింది వెనక గొంతుల్ని. అవి కుదిరాక లీడ్ ఎవరో వాటంతటవే తేల్చేస్తాయి.

ఈ మాట అమెరికా గాయకుడు బెన్ ఈ కింగ్ జీవితం చూసి చెబుతున్నాను. 1938లో నార్త్ కరోలినాలోని హెండర్సన్‌లో పుట్టాడు. అసలు పేరు బెంజమిన్ ఎర్ల్ నెల్సన్. 1947లో కుటుంబం న్యూయార్క్ హార్లెమ్‌కి చేరింది. అక్కడి నల్లజాతి కుర్రాళ్లు వాయిద్యాలు కొనే స్తోమత లేక వీధి మలుపుల్లో, మెట్ల కింద నిలబడి బేస్ (అన్నిటికన్నా కింది గొంతు), తాళం అన్నీ నోటితోనే పలికించేవారు. అదే డూ-వాప్. ఇతనూ అలాగే ఫైవ్ క్రౌన్స్ అనే జట్టులో చేరాడు, వెనక పాడే బారిటోన్‌గా, అంటే మధ్యస్థాయి మగగొంతుగా. 1958లో డ్రిఫ్టర్స్ జట్టు మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్ పాతవాళ్లందర్నీ తీసేసి, ఈ ఫైవ్ క్రౌన్స్‌కే డ్రిఫ్టర్స్ పేరు తగిలించాడు. మరుసటి ఏడాది 'దేర్ గోస్ మై బేబీ' వచ్చింది. రాసినవాళ్లలో ఇతనొకడు, ముందు నిలబడి పాడిందీ ఇతనే. దాని వెనక వయొలిన్లు మోగాయి. డూ-వాప్ సోల్ అనే సంగీతం వైపు తిరిగిన మలుపుల్లో ఆ పాటొకటి. అప్పటిదాకా వెనక నిలబడి విన్నవాడు కాబట్టే ముందుకొచ్చినప్పుడు తొణకలేదని నా నమ్మకం.

ఇక పనిలోకి. నలుగురు కావాలి, ఐదుగురుంటే ఇంకా మంచిది: బేస్ ఒకరు, మధ్యలో ముగ్గురు, పైన లీడ్. నలుగురే ఉంటే లీడ్‌ని తర్వాత చూసుకోండి. శృతిపెట్టెలో శృతి రెండుకీ మూడుకీ మధ్య పెట్టండి. ఒకటికి పెడితే బేస్ పాడేవాడికి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మధ్యమం అందదు, గొంతు గరగరలాడుతుంది.

డూ-వాప్ పాటలు లెక్కలేనన్ని ఒకే నాలుగు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుత్తుల) మీద తిరుగుతాయి. షడ్జమం సి అనుకుంటే అవి: సి మేజర్, ఏ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్. మనవాళ్లకి ఇది స్వరాల్లో చెబితే చిటికెలో ఎక్కుతుంది. శంకరాభరణం రాగం స్వరాలే తీసుకోండి. మధ్య ముగ్గురిలో పైవాడు పాడేది ప, ద, ద, ప. నడిమివాడిది గ, గ, మ, రి. కిందివాడిది స, స, స, ని. కిందివాడి నిషాదం షడ్జమానికి పైది కాదు, దాన్ని ఆనుకుని దిగువనున్నది. బేస్‌వాడు స, ఆ తర్వాత మంద్రంలో ద, మ, ప.

ఇప్పుడు ఈ ముగ్గుర్నీ జాగ్రత్తగా గమనించండి. మొదటి కార్డు నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు పైవాడొక్కడే కదులుతాడు, పంచమం నుంచి ధైవతానికి. మిగతా ఇద్దరూ ఉన్నచోటే ఉంటారు. రెండు నుంచి మూడుకి నడిమివాడొక్కడే, గాంధారం నుంచి మధ్యమానికి. మూడు నుంచి నాలుగుకి మాత్రం ముగ్గురూ ఒక్కసారే కిందికి దిగుతారు. వినేవాడికి గుండె జారినట్టుండేది అక్కడే. మా కుర్రాళ్లకి శృతి జారేదీ అక్కడే. అందుకని ఆ దిగుడొక్కటే పట్టుకుని, మద్దిలపాలెం బస్సొచ్చే దాకా పాడిస్తుంటాను. శృతిపెట్టె ఆపేసి నాలుగు చుట్లు పాడాక మళ్లీ పెట్టి చూడండి, ఎంత జారారో చెవికే తెలుస్తుంది.

నోట్లో ఏ అక్షరం పెట్టుకోవాలన్నది రెండో సంగతి. మొదట్లో "ఊ" ఒక్కటే చాలు. ముగ్గురి పెదాలూ ఒకేలా గుండ్రంగా ఉండాలి. ఒకడు నోరు బార్లా తెరిచి, ఇంకొకడు సగం మూసి పాడితే స్వరం సరిగ్గా ఉన్నా అపశ్రుతిలాగే వినిపిస్తుంది. ఎదురెదురుగా నిలబడి ఒకరి నోరొకరు చూసుకోండి. ఊపిరి అందరూ ఒకేసారి తీయకండి. ఒకడు తీసేటప్పుడు మిగతావాళ్లు మోయాలి. బేస్‌కి "డుం డుం డు డుం".

బేస్ పాడే మా కుర్రాడొకడు ఓ సాయంత్రం అలిగాడు. "అన్నా, నాకు మాటల్లేవేటి? ఎంతసేపూ డుం డుం అనడమేనేటి?" అన్నాడు. వాడికి 'స్టాండ్ బై మీ' వినిపించాను. కింగ్, పాటల రచయిత జెర్రీ లీబర్ మాటల మీద కూర్చుని ఉండగా లీబర్ జతగాడు, స్వరకర్త మైక్ స్టోలర్ పియానో దగ్గర ఆ బేస్ వరస కట్టాడు. పాట మొదలయ్యేది దానితోనే, పాటని ఎవరైనా గుర్తుపట్టేదీ దానితోనే. మాట పడకముందే పాట తెలిసిపోతుంది. మావాడు మళ్లీ అలగలేదు.

నెమ్మది పాటకి తాళం తిశ్రగతిలో, అంటే మూడేసి లెక్కన: ఒక్కో కార్డుకి "తకిట" నాలుగుసార్లు. 'స్టాండ్ బై మీ' నడక అది కాదు, చతురశ్రం, అంటే నాలుగేసి లెక్క. అందులో నాలుగు దెబ్బల ఆవృతాలు ఎనిమిది: మొదటి కార్డు రెండు, రెండోది రెండు, మూడోదీ నాలుగోదీ ఒక్కొక్కటి, తిరిగి మొదటిది రెండు. రెండు నడకలూ నేర్చుకోండి.

మాటలు రాసేటప్పుడు వరస చివర ఏ అచ్చు మీద సాగదీస్తున్నారో చూసుకోండి. "నీ ప్రేమ నాకొక వరము" అంటే "ము" మీద నోరు మూసుకుపోతుంది, గొంతు బయటికి రాదు. మావాళ్లు రాసుకున్న ఒక వరస నాకు చాలా ఇష్టం: "ఆఖరి బస్సూ ఎళ్లిపోనాది, నువ్వింకా రానేలేదా". చివరి "దా" మీద ఎంతసేపైనా నిలబడొచ్చు, వెనకవాళ్లు "రాలేదా, రాలేదా" అని అందుకోవచ్చు. బస్ కాంప్లెక్స్‌లో రాత్రిపూట ఎదురుచూసిన ఎవరికైనా అది తగులుతుంది. పాటంతా ఒక్క కోరిక చుట్టూ తిప్పండి. కింగ్ పాటలో ఉన్నదీ అంతే: చీకటి పడినా నువ్వు పక్కనుంటే భయపడను. అది చర్చి భక్తిపాటలోంచి వచ్చిన భావం. దాన్ని మనిషి మనిషినడిగే మాటగా మార్చాడు.

సాధన ఎక్కడంటే అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర. గోడలు గొంతుని తిరిగిచ్చేచోట మీ తప్పు మీకే వినిపిస్తుంది. అందరూ ఆర్కే బీచ్‌కి పోదామంటారు. అలల హోరులో ముందు మాయమయ్యేది బేస్, తర్వాత హల్లులు. పాట బాగా కుదిరాక వెళ్లండి, అప్పుడు కూడా సముద్రానికి వీపు పెట్టి కాదు, రోడ్డు పక్క గోడని ఆనుకుని దగ్గరదగ్గరగా నిలబడి.

చివరగా డబ్బు సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలి చెబుతున్నాను. డ్రిఫ్టర్స్ అన్న పేరు పాడేవాళ్లది కాదు, మేనేజర్‌ది. పాట దేశమంతా మోగుతున్నా పాడినవాళ్లు జీతగాళ్లే. కింగ్ 1960లో బయటికొచ్చేశాడు. అదే ఏడాది అక్టోబర్ 27న 'స్టాండ్ బై మీ' రికార్డు చేశాడు. అది 1961లో విడుదలై అమెరికా పాటల పట్టికలో నాలుగో స్థానానికెళ్లింది. రాసినవాళ్లలో తన పేరు ఉంది. 1986లో అదే పేరుతో సినిమా వచ్చి పాట మళ్లీ తొమ్మిదో స్థానం దాకా ఎక్కితే, ఆ పేరుకి విలువేమిటో తెలిసింది. 2015 మార్చిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది. ఏప్రిల్ 30న ఆయన పోయాడు.

కాబట్టి మీ పాట పూర్తయిన రోజే ఒక కాగితం మీద రాసుకోండి: మాటలు ఎవరివి, వరస ఎవరిది, ఎవరికెంత వాటా, జట్టు పేరు ఎవరిది, ఒకరు వెళ్లిపోతే ఆ పేరేమవుతుంది. అందరూ సంతకాలు పెట్టండి. మన దేశంలో పాట పుట్టగానే కాపీరైట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఎవరిదన్న గొడవొస్తే ఆ కాగితమే ఆధారం. 2012లో కాపీరైట్ చట్టానికి జరిగిన సవరణ వల్ల, రాసినవాళ్లూ స్వరపరిచినవాళ్లూ హక్కులు అమ్ముకున్నా రాయల్టీలో తమ వాటా వదులుకోనక్కర్లేదు. ఎవరైనా స్టూడియోవాళ్లు "మొత్తం మాకే" అని కాగితం ముందుపెడితే అక్కడికక్కడే సంతకం చేయకండి. ఇంటికి తెచ్చుకుని, తెలిసిన వకీలుకి చూపించండి. పాటలు నాలుగైదు బయటికొచ్చాక రాయల్టీ వసూలు చేసి పంచే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టండి. బేస్ వరస కట్టింది మీ బేస్‌వాడైతే, ఆ కాగితంలో వాడి పేరు కూడా ఉండాలి.