షాఫ్ట్ తిరగదు, ఊగుతుంది: బేరింగ్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

బేరింగ్ అనగానే చాలామంది చేయి బాల్ బేరింగ్ క్యాటలాగ్ మీదికే పోతుంది. షాఫ్ట్ గిర్రున తిరిగేదైతే తప్పులేదు. నిమిషానికి 10 సార్లు, అటు 15 డిగ్రీలు ఇటు 15 డిగ్రీలు ఊగేదైతే మాత్రం డ్రాయింగ్ ఖరారు చేసే ముందు కాస్త ఆగండి.

ఆ కొద్దిపాటి ఊపులో ఏ బాల్ దారి దానిదే, పక్క బాల్ దారిని అందుకోదు. రేసులో, అంటే బాల్స్ దొర్లే రింగులో, బరువంతా ఆ కొన్ని చోట్లే పడుతుంది. ఊపు ఒకటి రెండు డిగ్రీలే అయితే ఇంకా చేటు: నలిగి పక్కకు పోయిన గ్రీజు మళ్లీ లోపలికి రాదు, ఒక్కో బాల్ కింద ఒక్కో గుంట, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. దీన్నే ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. క్యాటలాగ్‌లోని ఆయుష్షు లెక్కలో ఇది కనిపించదు.

ఇలాంటి చోట నేనైతే బుష్ (బాల్స్ లేకుండా షాఫ్ట్ నేరుగా రాసుకుంటూ కదిలే గొట్టం లాంటి బేరింగ్) వైపే మొగ్గుతాను. లెక్క చూడండి. 40 మి.మీ. షాఫ్ట్, 40 మి.మీ. పొడవు బుష్, 20,000 న్యూటన్ల లోడు. పీడనం 12.5 మెగాపాస్కల్. పైన చెప్పిన ఊపుకు రాపిడి వేగం సెకనుకు 3.5 మి.మీ. మాత్రమే. పీడనాన్ని వేగంతో గుణిస్తే వచ్చే పీవీ విలువ చాలా తక్కువ. ఇక్కడే మోసపోతాం. వేడి ఎక్కదు నిజమే, కానీ షాఫ్ట్‌ను తేల్చే నూనె పొర కూడా ఏర్పడదు. నూనె పీల్చిన సింటర్డ్ (లోహపు పొడిని అదిమి కాల్చి చేసిన) బుష్ అంతగా పనికిరాకపోవడానికి కారణం అదే, దానిలోంచి నూనెను లాగేది తిరుగుడే కదా.

గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ పెడితే గ్రీజు గాడి ఒక్కటే వేసి ఊరుకోవద్దు. షాఫ్ట్ పూర్తి చుట్టు తిరగదు కాబట్టి గ్రీజు లోడు పడే వైపుకు చేరదు. అక్కడే పొడవునా కొన్ని గాడులు, ఊపు దూరం కంటే దగ్గరగా వేయించండి. గ్రీజు గన్ అందని మూలల్లో గ్రాఫైట్ ముక్కలు పొదిగిన కంచు బుష్ గాని, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూతది గాని మేలు. పూత పలచన, బిగించాక రంధ్రం సాఫు చేసే రీమర్ పెట్టారో అది కాస్తా పోతుంది. షాఫ్ట్ గరుకుగా ఉన్నా అంతే.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఘర్షణ. కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ డ్యామ్‌లో 1995 జూలై 17న రేడియల్ గేటు (పిన్ను ఆధారంగా పైకి ఊగే వంపు గేటు) ఒకటి తెరుస్తుండగానే విరిగిపోయింది. మన శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు కూడా ఈ రకమే. గేటు ఊగే ట్రనియన్ పిన్ దగ్గరి ఘర్షణను ఫోల్సమ్ డిజైన్‌లో లెక్కే వేయలేదు. ఏళ్ల తరబడి తుప్పుతో అది పెరిగి, చివరికి గేటు చేతులను కలిపే బ్రేసు తెగింది.

పై లెక్కలోని షాఫ్ట్‌కే ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే 80 న్యూటన్ మీటర్ల టార్క్ అదనంగా కావాలి. కొత్త బుష్‌కు సరిపోయిందని ఆగొద్దు. గ్రీజు ఆరిపోయి పిన్ తుప్పు పట్టిన రోజున గుణకం రెట్టింపైతే లివరు, కీ, సిలిండరు తట్టుకుంటాయా అన్నది కూడా డ్రాయింగ్ మీద సంతకం పెట్టే ముందే చూసుకోండి.