చెవులపిల్లికి రేడియో కాలర్ వేసి అది తిరిగే జాగా ఎంతో కనుక్కోవడం

అడవి కుందేలు, అదే మన చెవులపిల్లి, తిరిగే జాగా మామూలుగా కొన్ని ఎకరాలే, కాబట్టి పులికో ఏనుగుకో చేసినట్టు దూరం నుంచి, రెండు చోట్ల నిలబడి కాలర్ సిగ్నల్ వచ్చే దిక్కులు పట్టుకుని, ఆ గీతలు కలిసే పాయింటే జంతువు ఉన్న చోటని రాసుకుని వచ్చేస్తే ఇక్కడ కుదరదు. లెక్క చూడండి, యాంటెన్నా 5 డిగ్రీలు తప్పు చూపిస్తే 500 మీటర్ల అవతల పాయింటు దాదాపు 44 మీటర్లు పక్కకి పోతుంది. ఎకరాన్ని చదరంగా గీస్తే ఒక్కో పక్క 64 మీటర్లే మరి! అదే 100 మీటర్ల దూరంలో అయితే తేడా 9 మీటర్లే.

అందుకే కుందేల్ని పట్టకముందే మీ తప్పు ఎంతో కొలుచుకోండి. కాలర్‌కి అంటించి ఉన్న అయస్కాంతం తీస్తే ఆన్ అవుతుంది, దాన్ని నీళ్ల బాటిల్‌కి చుట్టి (ఒంట్లో నీళ్లు సిగ్నల్‌ని తగ్గిస్తాయి కదా) ఫ్రెండ్‌ని పొదలో నేల మీదే దాచమనండి. యాగీ యాంటెన్నా (పాత టీవీ యాంటెన్నాలా పుల్లలుండేది, తిప్పిన వైపు సిగ్నల్‌నే బాగా పడుతుంది) తిప్పుతూ టిక్ టిక్ గట్టిగా వినిపించే వైపు దొరికాక రిసీవర్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచి వినిపించాలో ఆ మీట) తగ్గించుకుంటూ రండి, తర్వాత ఎడమవైపు శబ్దం ఎక్కడ ఆగింది, కుడివైపు ఎక్కడ ఆగింది చూసి మధ్య దిక్కు రాసుకోండి, కాలర్ నిజంగా దాచిన దిక్కుతో పోలిస్తే మీ తప్పు ఎంతో తెలుస్తుంది, గట్టిగా వినిపించిన చోటు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. బండి, ఇనప గేటు, జేబులో ఫోను దిక్సూచిని లాగేస్తాయి, కరెంటు లైన్ల కింద, బండరాళ్ల పక్కన అసలు నిలబడొద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్ లేకుండా పట్టడమే నేరం. కాలర్ బరువు ఒంటి బరువులో 5 శాతం దాటకూడదు, నన్నడిగితే 3 శాతమే మేలు, అంటే 2 కిలోల కుందేలుకి 60 గ్రాములు. వదిలిన మొదటి కొన్ని రోజులు అది బెదిరి ఉంటుంది, ఆ పాయింట్లు లెక్కలోకి తీసుకోకండి.

పగలంతా అది పొదకింద కదలకుండా పడుకుంటుంది, మేత రాత్రే. పగటి పాయింట్లే తీస్తే పడక ఎక్కడో తెలుస్తుంది గానీ తిరిగే జాగా తెలియదు, అందుకని రాత్రి కచ్చితంగా వెళ్లాలి. మూడు చోట్ల నుంచి దిక్కులు పది పదిహేను నిమిషాల్లోపే తీసేయండి, లేటయితే అది కదిలిపోతుంది, గీతల్లో కనీసం రెండైనా ఒకదాన్నొకటి 90 డిగ్రీలకి దగ్గరగా కోసుకునేలా నిలబడండి. ఇంకోటి, చాలా ముఖ్యం, అడవిపందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగలు కడతారు, మనుషుల ప్రాణాలే పోతున్నాయి, రైతులకి, ఊళ్లో పెద్దలకి, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పకుండా చీకట్లో చేలో అడుగు పెట్టొద్దు.

పాయింట్లు వచ్చాక బయటి చుక్కలన్నీ కలిపి గీసే ఎమ్‌సీపీ (మినిమమ్ కాన్వెక్స్ పాలిగన్) సులువే గానీ ఒక్కసారి దూరం పోయొచ్చినా జాగా ఉబ్బిపోతుంది, 95 శాతం కెర్నెల్ (చుక్కలు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూసి, అది 95 శాతం ఉండే జాగాని గీసే పద్ధతి) తీసి, అందులో ఎక్కువగా ఉండే చోటు కోసం 50 శాతం తీయండి. ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఫ్రీగానే అవుతాయి. పాయింట్లు పెరిగేకొద్దీ జాగా ఎంత పెరుగుతోందో గ్రాఫ్ గీసుకోండి, గీత చదునయ్యేదాకా ట్రాకింగ్ ఆపకండి, 30 పాయింట్లకంటే తక్కువతో కెర్నెల్ జోలికి వెళ్లొద్దు.